వంటింటి గుమ్మంలో స్టెప్నీ

ప్రతి ఇంటి ఆవరణలోనూ సగం కట్టిన క్యాంపింగ్ ట్రైలర్ ఒకటి ఉండి తీరాలని చట్టం చేయవలసిన సమయం ఆసన్నమైంది! తాగునీరు, వీధిదీపం, మురుగుకాలువ అనే ప్రాథమిక సదుపాయాల సరసన దాన్ని ఇన్నాళ్ళూ ఎందుకు చేర్చలేదో పాలకులు సంజాయిషీ చెప్పుకోవాలి.

నవ్వకండి. క్యాంపింగ్ ట్రైలర్ అంటే ఏమిటో తెలియనివారి కోసం మనవి చేస్తున్నాను: కారు వెనక తగిలించుకుని, రోడ్డన్నదే లేని కొండల్లోకీ అడవుల్లోకీ లాక్కుపోయి, అక్కడ వండుకుని, తిని, పడుకోవడానికి పనికొచ్చే చక్రాల పెట్టె అది. కొని తెచ్చుకున్న ట్రైలర్ అడవికి పోతుంది. ఇంటాయన సొంత చేతులతో కట్టిన ట్రైలర్ ఎక్కడికీ పోదు. నేను సిఫారసు చేస్తున్నది ఈ రెండో రకాన్నే!

దాని ఉపకారాలు బోధపడాలంటే ఒక ఇంటి సంగతి చెప్పాలి.

ఆ ఇంటాయన బీమా ఆఫీసులో గుమాస్తా. లిఫ్టు ఎక్కితే కళ్ళు తిరుగుతాయి కనుక మెట్లెక్కే వెళతాడు. అయినా స్నేహితులు ఆయన్ని కెప్టెన్ అంటారు. ట్రైలర్ పనికి కొబ్బరికాయంత గట్టి టోపీ ఒకటి కొని నెత్తిన పెట్టుకున్ననాడే ఆ బిరుదు దక్కింది. ఆయన భార్య కళ్ళాసుపత్రిలో, ఆపరేషన్ గదిలో నర్సు. వీధి వీధంతా ఆమెను నర్సమ్మ అంటుంది. ఇంట్లో మరో మనిషి కెప్టెన్ తల్లి, నర్సమ్మకు అత్తగారు. వయసుతో ఆవిడలో అన్నీ నెమ్మదించాయి, గొంతు తప్ప. ఇంటిని ఆనుకుని ఒక రేకుల షెడ్డు. షెడ్డుకూ వంటింటికీ మధ్య ఒకే ఒక గోడ. ఆ గోడను దయచేసి గుర్తుంచుకోండి.

ఇతర స్త్రీలు భర్తకు ఫోన్ చేసి "ఎక్కడున్నారు?" అని అడగాలి, ఒక అబద్ధం వినాలి, నమ్మినట్టు నటించాలి. నర్సమ్మకు ఆ తిప్పలు లేవు. గోడకు చెవి ఆనిస్తే చాలు. గ్రైండర్ కీచుమంటే కెప్టెన్ ఇనుము కోస్తున్నాడన్నమాట. సుత్తి మోగితే, కోసింది తప్పని తేలిందన్నమాట. ఏ చప్పుడూ లేకపోతే కొలిచే టేపు ఎక్కడ పెట్టాడో వెతుక్కుంటున్నాడు! ఇంత పారదర్శకమైన దాంపత్యం ఎంతమందికి దక్కుతుంది?

ఇక ఇంప్రూవ్‌మెంట్లు. ఆ మాట పలికేటప్పుడు కెప్టెన్ గొంతులో పూజారి గొంతులోని గాంభీర్యం పలికేది. వాగులు దాటాలంటే బండి ఎత్తు చాలదని పెద్ద టైర్లు వేశాడు. అప్పుడు లోపలికి ఎక్కడానికి కాలు అందలేదు. మడత మెట్లు బిగించాడు. మెట్లు చీకట్లో కనిపించవు కదా అని దీపం పెట్టాడు. దీపానికి బ్యాటరీ కావలసి వచ్చింది, బ్యాటరీకి కప్పు మీద సోలార్ ప్యానెల్. షెడ్డులో ఎండ పడదు కనుక, ప్యానెల్ పనిచేస్తోందో లేదో చూడటానికి షెడ్డు రేకు ఒకటి ఊడదీశాడు. ఆ కంతలోంచి వాన కురిసి, ప్యానెల్ బిగించిన కన్నాల గుండా దిగి ట్రైలర్ పరుపు నానింది. పరుపుకు నీళ్ళు అంటని తొడుగు కుట్టించి, దాన్నీ ఇంప్రూవ్‌మెంట్ కిందే జమకట్టాడు. పురోగతి అంటే ఇది కాక మరేమిటి?

"ఎప్పుడు బయల్దేరతాం?" అని మొదట్లో నర్సమ్మ అడిగేది.

"ఇదిగో, ఇంకొక్క చిన్న ఇంప్రూవ్‌మెంట్!"

ఆమె ఆసుపత్రిలో సెలవు అడగడం, మళ్ళీ వద్దనడం మామూలైపోయింది. చివరికి పెద్ద డాక్టరమ్మ "ఇది నిజం సెలవా, ట్రైలర్ సెలవా?" అని అడగడం మొదలుపెట్టాక, నర్సమ్మ సెలవు మాటే ఎత్తడం మానేసింది. చూశారా, ఆసుపత్రికి కూడా మేలే జరిగింది!

అయితే ఆ ట్రైలర్ వైభవమంతా దాని వంటగదిలోనే ఉంది. అక్కడి సొరుగులు చిటికెనవేలితో లాగితే వచ్చేస్తాయి. దీపం వెలుగు సరిగ్గా చేతుల మీద పడుతుంది. చేతులు మురికిగా ఉంటే కుళాయి పట్టుకోనక్కర్లేదు, కాలితో నొక్కితే నీళ్ళొస్తాయి. పక్కన బయటికి నెట్టి తెరిచే కిటికీ. నెత్తిన, పొగను పీల్చేసే ఎగ్జాస్ట్ ఫ్యాను. నర్సమ్మ ఒకసారి దాన్ని చూడటానికి ఎక్కి, ఆ సొరుగు ఊరికే తెరిచి మూసి, తెరిచి మూసి, దిగి వచ్చింది.

గోడకు ఇవతల అసలు వంటిల్లు ఉంది. దానికి కిటికీ లేదు. దీపం ఆమె వీపు వెనక వెలుగుతుంది కనుక కూరగాయలు తరిగినప్పుడల్లా తన నీడనే తరుగుతున్నట్టుంటుంది. చెంచాల సొరుగు మోకాలితో తంతే గానీ తెరుచుకోదు. ఎండుమిరపకాయలు నూనెలో పడగానే లేచే ఘాటు ఎటు పోవాలో తెలియక ఆమె కళ్ళనే ఆశ్రయిస్తుంది. పగలంతా రోగులకు "పొగ దగ్గరికి పోకండి, కళ్ళు జాగ్రత్త" అని చెప్పే మనిషి, ఇంట్లో తన కళ్ళలో తానే మందు చుక్కలు వేసుకునేది. ఈమధ్య డాక్టరమ్మ టార్చి వేసి చూసి ఖండితంగా చెప్పేసింది: "కళ్ళు ఇలా ఎర్రగా పెట్టుకుని వస్తే ఆపరేషన్ గదిలోకి రానివ్వను. బయట చీటీలు రాసే బల్ల దగ్గర కూర్చోవాలి, నీ ఇష్టం." ఆ గదిలో పని నేర్చుకుని, అందులోనే తల నెరిసిన మనిషికి ఆ మాట ఎలా తగిలి ఉంటుందో చెప్పనక్కర్లేదు.

ఆమె ఇంటికొచ్చి మరోసారి అడిగింది.

"ఏవండీ, ఆ గోడకి చిన్న కిటికీ పెట్టించకూడదూ?"

"గోడకి కన్నం పెడితే ఇల్లు బలహీనమవుతుంది. స్ట్రక్చర్ సంగతి నీకు తెలీదు" అన్నాడు కెప్టెన్, ట్రైలర్ గోడకు నాలుగో కన్నం పెడుతూ.

అత్తగారు కుర్చీలోంచే అందుకుంది. "మీ మామగారూ అచ్చం ఇదే అన్నారమ్మాయ్! నేనడిగినప్పుడు. స్ట్రక్చర్ అన్న మాట ఒక్కటే వీడు కొత్తగా కలిపాడు."

చూశారా! తండ్రి ఆస్తిని కొడుకులు ఇంప్రూవ్ చేయరని నిందించేవారు ఈ ఇంటికి వచ్చి చూడాలి.

"మరి ఆ బండిలో ఫ్యానూ కిటికీ ఎందుకండీ?" నర్సమ్మ పట్టు వదలలేదు.

కెప్టెన్ నిజాయితీగల మనిషి. ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "అక్కడ వండేది నేను కదే!"

ఆ జవాబులో ఇసుమంత దుర్బుద్ధి అయినా ఉందా? లేదు. ఎండకు నీడ ఎటు పడుతుందో చెప్పినంత మామూలుగా చెప్పాడు. నర్సమ్మ కాసేపు ఆయన ముఖంలోకి చూసి, కళ్ళలో చుక్కలు వేసుకోవడానికి వెళ్ళిపోయింది.

తర్వాతి ఆదివారం కెప్టెన్ ట్రైలర్ వంటగదిని టెస్ట్ చేశాడు. మిత్రబృందం షెడ్డులో మడత కుర్చీలు వేసుకుని కూర్చుంది. నాలుగు ఉల్లిపాయలు తరిగి, గుడ్లు కొట్టి, మిరపకాయలు వేసి వేయించడం కార్యక్రమం. ఉల్లిపాయలు మాత్రం ముందే నర్సమ్మ తరిగి ఇచ్చింది. కిటికీ తెరిచే ఉంది. ఫ్యాను తిరుగుతూనే ఉంది. గుడ్లు సగం వేగాయో లేదో, కెప్టెన్ టోపీ తీసి విసురుకుంటూ మెట్లు దిగి వచ్చేశాడు.

"అబ్బబ్బ, ఏం వేడి! ఏం ఘాటు! మనిషన్నవాడు ఇందులో నిలబడి వండగలడా?"

"ప్రాణం మీదికొస్తుంది గురూ. ఇంకో ఫ్యాను పెట్టాల్సిందే" అన్నాడొక మిత్రుడు.

తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. ఎందుకు నెగ్గదు? బాధితుడు వారి కళ్ళెదుటే చెమటలు కక్కుతున్నాడు!

గోడకు ఇవతల, వారందరి భోజనానికి పొయ్యి ముందు నిలబడి ఉన్న నర్సమ్మ ఈ మాటలన్నీ విన్నది. గుమ్మంలో నిలబడ్డ అత్తగారు కూడా విన్నది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"మనిషన్నవాడట" అంది నర్సమ్మ.

"మనం ఏం జాతో వాణ్ణే అడగాలి" అంది అత్తగారు. కాసేపు ఆలోచించి మళ్ళీ అంది: "వాడి తప్పేం లేదమ్మాయ్. వాడి చూపు చక్రాలున్న వాటి మీదే ఆనుతుంది. మన వంటింటికి అవి లేవు. అంతే."

మర్నాడు కెప్టెన్ ఆఫీసు నుంచి వచ్చి షెడ్డులోకి వెళ్ళి గావుకేక పెట్టాడు. ట్రైలర్ వెనక బిగించి ఉండాల్సిన స్టెప్నీ లేదు! ఆ అదనపు చక్రం కోసం షెడ్డంతా గాలించి, ఇల్లంతా తిరిగి, చివరికి ఎన్నడూ అడుగు పెట్టని చోట కనుక్కున్నాడు. అది వంటింటి గుమ్మానికి ఆనించి ఉంది.

"దీన్నిక్కడ పెట్టిందెవరు?"

"నేనేరా. మీ ఆవిడ దొర్లించింది, నేను దారి చూపించాను" అంది అత్తగారు. "వంటింటికి చక్రం తగిలిస్తేనైనా నీ కంటపడుతుందేమోనని."

"బాగుందమ్మా నీ వేళాకోళం!" కెప్టెన్ దాన్ని ఎత్తబోయాడు.

నర్సమ్మ చేతులు తుడుచుకుంటూ, ఆసుపత్రిలో రోగిని బల్ల మీద పడుకోబెట్టే ముందు వాడే మెత్తని గొంతుతో అడిగింది: "ఎలాగూ వచ్చారు కదా, ఒక మాట. రెండో ఫ్యాను ఎంత పెద్దది కావాలో ఎలా తేలుస్తారు?"

"అదే తెగట్లేదు."

"అసలు ఫ్యానే లేని చోట ఒకసారి వండి చూస్తే? లేకపోతే ఎంత ఇబ్బందో తెలిస్తే, ఎంతది కావాలో తెలుస్తుంది కదా. టెస్టింగ్!"

కెప్టెన్ కళ్ళు మెరిశాయి. టెస్టింగ్ అన్న మాట ఆయనకు పసిపిల్లలకు మిఠాయి లాంటిది. "శభాష్! నీకూ కొంచెం ఇంజనీరింగ్ అబ్బుతోందే" అని, టోపీ సర్దుకుని, స్టెప్నీ దాటి లోపలికి నడిచాడు. ఈసారి ఉల్లిపాయలు ఎవరూ తరిగి ఇవ్వలేదు.

తన నీడ మీద తానే కత్తి ఆడించాడు. చెంచా కోసం సొరుగు లాగితే రాలేదు. "మోకాలు, మోకాలు" అని అత్తగారు అందించింది. మిరపకాయలు నూనెలో పడ్డాయి. ఆ తర్వాత జరిగింది వర్ణించడం సభ్యత కాదు. కెప్టెన్ దగ్గాడు, తుమ్మాడు, గోడ తడుముకున్నాడు, కిటికీ కోసం వెతికాడు. కిటికీ లేదు!

"కళ్ళు నలపకండి. పైకి చూడండి" అని నర్సమ్మ గుమ్మంలోంచి చెప్పింది. బయటికి వచ్చాక ఆయన కళ్ళలో మందు చుక్కలు కూడా ఆమే వేసింది. ఆమె పని అది.

"ఇందులో... ఇందులో నువ్వెలా వండుతున్నావే?" అన్నాడు ఊపిరి కూడదీసుకుని.

"నిలబడి."

"నేనూ అంతేరా" అంది అత్తగారు.

కెప్టెన్ ముక్కు చీదుకుని, ఎర్రబడిన కళ్ళతో ఆ గోడనే చూస్తూ ఉండిపోయాడు. తర్వాత లేచి టేపు వెతకడానికి వెళ్ళాడు.

ఆ వచ్చిన ఆదివారమే గోడకు కిటికీ పడింది. ఇల్లు బలహీనపడలేదు. ఆశ్చర్యం! రెండు తరాల స్త్రీలు నోరు నొప్పెట్టేలా అడిగినా చెవినబెట్టని గోడ, ఒక్క మగవాడు ఒక్క పూట దగ్గేసరికి దారి ఇచ్చింది. గోడలకు చెవులుంటాయంటారు గానీ, అవి ఎవరి గొంతును గుర్తుపడతాయో ఇప్పుడు తేలింది.

మిత్రబృందం మళ్ళీ వచ్చింది. కెప్టెన్ వారికి కిటికీని చూపించి, పొగ తేలిక కనుక పైకి లేస్తుందనీ, దారి ఉంటే బయటికి పోతుందనీ వివరించాడు. మధ్యలో భార్య వైపు తిరిగి, "ఇది నీకు ముందే తట్టాల్సింది" అన్నాడు. నర్సమ్మ అత్తగారి చెయ్యి గట్టిగా పట్టుకుంది. తను ఏమీ అనకుండా ఉండటానికి కాదు, ఆవిడ అనకుండా ఉండటానికి.

అయితే కొలతల్లో అంత గట్టి మనిషి ఒక చిన్న విషయం మరిచాడు. కొత్త కిటికీ తెరుచుకునేది షెడ్డులోకి. అక్కడ దానికి ఎదురుగా, మూరెడు దూరంలో, ట్రైలర్ కిటికీ ఉంది. మొదటిరోజు వంటలోనే ఇంటి ఘాటంతా ఆ కిటికీలోంచి తిన్నగా వెళ్ళి, నీళ్ళు అంటని తొడుగు వేసుకున్న పరుపులో స్థిరపడింది. ఎంత ఉతికినా పోలేదు. ట్రైలర్‌ను కదపక తప్పలేదు!

ఆ విధంగా అది తన మొట్టమొదటి యాత్రకు బయల్దేరింది. కెప్టెన్ టోపీ పెట్టుకుని ముందు నడిచాడు. మిత్రులు వెనక నుంచి నెట్టారు. షెడ్డు దాటి, బట్టల తీగ కింద తలవంచి, బంతిపూల మడి తొక్కి, రోడ్డన్నది లేని ఆ దుర్గమ ప్రాంతాల గుండా ఆవరణలోని అవతలి మూలకు చేరుకుంది. అందరూ చప్పట్లు కొట్టారు. పెద్ద టైర్లు ఎందుకో అప్పుడు అర్థమైందన్నాడొక మిత్రుడు.

ఇప్పుడు నర్సమ్మ కళ్ళు తెల్లగా ఉన్నాయి. ఆపరేషన్ గదిలో ఆమె స్థానం ఆమెకే ఉంది. వంట చేస్తూ కిటికీలోంచి చూస్తే దూరాన ట్రైలర్ కప్పెక్కి ఏదో బిగిస్తున్న టోపీ కనిపిస్తుంది.

కాబట్టి నా సిఫారసు మార్చుకోను. ప్రతి ఇంటా ఒక ట్రైలర్ ఉండాల్సిందే. ఇంటి ఇల్లాలికి గాలీ వెలుతురూ కావాలని అడిగితే అది సణుగుడు. ఇంటాయనకు కావలసివస్తే అది ఇంజనీరింగ్. అలాంటి లోకంలో, సణుగుడును ఇంజనీరింగ్‌గా మార్చగల యంత్రం ఇంకొకటి ఎవరైనా కనిపెట్టారా?

మొన్న ఒక సాయంత్రం బట్టలుతికే చోట నడుం పట్టేసి, నర్సమ్మ గోడ పట్టుకుని మెల్లగా లేచింది. అక్కడ పంపు మోకాలి ఎత్తులో ఉంటుంది. నీళ్ళు పోయే దారి మాత్రం మనిషి కూర్చునే చోటికి ఎగువన ఉంటుంది. అత్తగారు ఆ దృశ్యాన్ని కాసేపు పరిశీలించింది.

"అమ్మాయ్," అంది, "ఆ స్టెప్నీ ఇటు దొర్లించు."