మారులి మెమరీ సంగ్రామము

ఆదివార ప్రార్థనలు ముగిసి, మధ్యాహ్న మార్తాండుడు మేడాన్ నగరపు రేకుకప్పులను కొలిమిగా రాజేయుచున్న వేళ, కాఫీకొట్టు చదరంగ కేసరి, చర్చి చదరంగపు జట్టున పదునొకండేండ్లుగా మేటి ఆటగాని పీఠమగు మొదటిబల్ల నధిష్ఠించిన మహారథి, సిలబాన్ వంశోద్భవుడు మారులి తన జరాజీర్ణ కంప్యూటర్ ఎదుట ప్లాస్టిక్ కుర్చీపై ఆసీనుడయ్యెను.

ముందునాడు భార్య తమ్ముడు బిన్సార్‌తో ఆడిన ఆట, కొట్టులోనికి వాన జొరబడి సగమున నాగిపోయెను. మారులికి ఒక గుఱ్ఱము తక్కువ. అయినను "ఇది డ్రా" అని మారులి. "నీ మొహం డ్రా, ఓడిపోయావు బావా" అని బిన్సార్. తుదకు చదరంగ సాఫ్ట్‌వేర్ ముప్పై ఎత్తుల లోతు చూచి యేమి చెప్పిన అదే తీర్పని ఒడంబడిరి. ఓటమి యన్నచో మొదటిబల్ల బిన్సార్‌ది. గడువు ఆదివారము సాయంకాలము నాలుగు గంటలవరకు.

మూడైనది. యంత్రము పదునెనిమిదవ ఎత్తుకడ మూలుగుచుండెను.

"ఓరీ మందగమనా!" అని మారులి గర్జించెను. "నాలుగు గిగాబైట్ల మెమరీ ధరించియు ఇంత నత్తనడక యేల? ఇదిగో, మూడున్నర గిగాబైట్లు ఆటకే ధారపోయుచున్నాను. భుజింపుము! విజృంభింపుము!"

అని ఎంటర్ నొక్కెను. తత్క్షణమే ఫ్యాను ప్రళయ ఝంఝామారుతమై ఘోషించెను, మౌసు బాణము మంత్రబద్ధ భుజంగమువలె స్తంభించెను, తెర పాలిపోయెను.

వంటింటినుండి గరిటెతో మారులి భార్య తియోమినార్ వెడలివచ్చెను.

"ఏం చేశావయ్యా దాన్ని? అందులో నా చర్చి క్వయర్ పాటలు టైపు చేసి పెట్టాను!"

"సేవ్ చేశావా?" వీరుని కంఠము పిల్లికూతయ్యెను.

"చేస్తే ఇలా అరుస్తానా? వైరు పీకావో, చూడు మరి. ఆటకి ఎంతిచ్చావు?"

"మూడున్నర."

"ఉన్నది నాలుగేగా! ఇల్లంతా ఒక్క చుట్టానికే ఇచ్చేస్తే మిగతావాళ్లు వీధిలో పడుకుంటారా?"

అంతట శత్రుభీకరుడగు మారులి చేతులు ఒడిలో పెట్టుకొని, పలుకక, కదలక, ఇరువది నిమిషముల ఘోర తపమొనర్చెను. బాణము ఆవగింజంత కదలెను. తియోమినార్ గరుడవేగమున మౌసు లాగికొని పాటలు సేవ్ చేసెను. పిమ్మట నిట్టూర్చి, మెమరీ మ్రింగుచున్న తన ఇరువదియేడు జాకెట్టు డిజైన్ల ఇంటర్నెట్ పేజీలను ఒక్కొక్కటే మూసెను.

"ఈ ఎర్ర జరీది ఎంత బాగుందో చూడు. పోనీలే. ఇప్పుడు ఆటకి అర గిగాబైటు చాలు. అత్యాశకి పోకు."

మారులి వినమ్రుడై అంతే యిచ్చెను. యంత్రము తేరుకొని పరుగిడెను: ఇరువది! ఇరువదియైదు!

గేటుకడ బిన్సార్ మోటారుసైకిలు ఆగెను. "బావా, నా మొదటిబల్ల దులిపి పెట్టావా? అక్కా, ఇంతకీ నువ్వు ఎవరి వైపు?"

"నా పాటల వైపురా. నోరు మూసుకుని కూర్చో."

ఇరువదితొమ్మిది. తెరపై యంత్రపు లెక్కలో మారులికి ఇంకను ఒకటిన్నర బంటుల లోటు. ముగ్గురును తెరపైకి వంగిరి. ముప్పై! అంకె మిణుకుమని 0.00గా మారెను.

బిన్సార్ కళ్లజోడు తుడిచి మరల చూచెను. "సున్నాయేనా?"

"సున్నాయే. ఇద్దరం సమానం. డ్రా!" అని మారులి గంతులు వేసెను.

"సున్నా తెచ్చుకుని గంతులేసే మనిషిని నిన్నే చూశాను బావా."

దిక్పాలకులారా, ఆలకింపుడు! సిలబాన్ మారులి గెలువలేదు, ఓడనూ లేదు. అర గిగాబైటు ఆయుధముగా, దశాంశ బిందువునకు ముందొకటి, వెనుక రెండు, వెరసి మూడు సున్నాలను ఆర్జించెను!