హైరానా లిపి

"నేటి నుంచి ఈ గోడ గోడ కాదు, జాతి సంపద!" అని సాంస్కృతిక సంఘం అధ్యక్షుడు ప్రకటించాడు. గోడ ఏమీ అనలేదు. సభ్యులు చప్పట్లు కొట్టారు.

ఆ గోడ ఉన్నది పెద్దమ్మ గదిలో. అధ్యక్షుడు ఆవిడ మరిది కొడుకు. గదిని సంఘానికి ఆఫీసు చేసి, ఆవిడను వృద్ధాశ్రమానికి పంపాలని లోకకల్యాణం కోసం నిర్ణయించాడు. ట్రంకుపెట్టె సర్దడం కూడా అయిపోయింది. తీరా సున్నం వేయడానికి మంచం జరిపితే, వెనక గోడ నిండా బొగ్గుతో గీసిన వంకర గీతలు! పెద్దమ్మ గబుక్కున గోడకు అడ్డం నిలబడింది. వెళ్లే ముందు తిట్లు కూడా తినాలి కాబోలు అనుకుంది.

తిట్లకు బదులు లిపి పండితుడు వచ్చాడు. గోడను వాసన చూసి కళ్లు మూసుకున్నాడు.

"హైరాటిక్!"

"హైరానానా? ఎవరికి నాయనా?" అంది పెద్దమ్మ కంగారుగా.

"హైరానా కాదమ్మా, హైరాటిక్. గ్రీకు మాట. హైరోస్ అంటే పవిత్రం. అందులోంచి పూజారి పుట్టాడు, పూజారిలోంచి పూజారి రాత పుట్టింది. బొమ్మలక్షరాలు తీరిగ్గా చెక్కే ఓపిక లేక గబగబా గీసేసిన రాత. అందుకే మామూలువాళ్లకు అర్థం కాదు."

"మరి మీకో?" అంది అధ్యక్షుడి భార్య.

"నాకూ కాదు. అదే రుజువు!"

అధ్యక్షుడి ఛాతీ పొంగింది. నిన్నటిదాకా తనది రాజవంశమని చెప్పుకున్నవాడు, నిలుచున్నపళంగా పూజారుల వంశంలోకి మారిపోయాడు.

"ఈ ముక్క చూశారా, పదే పదే వస్తోంది. వెలొస్త! ఎవరో దేవత పేరు" అన్నాడు పండితుడు, గీతల్ని కూడబలుక్కుంటూ. సభ్యులు చేతులు జోడించారు. ఒకాయన చెప్పులు విప్పాడు.

పెద్దమ్మకు ఉండబట్టలేదు.

"దేవతా కాదు, దెయ్యమూ కాదు బాబూ. అది 'వెళ్లొస్తా'. నేనే రాశాను. పాత పేపర్లు చూసి నేర్చుకున్న అక్షరాలు, 'ళ' నాకు లొంగక 'ల' పెట్టాను. వీళ్ల పెదనాన్న ఆ గడప దగ్గర ఆ మాటే అని వెళ్లారు. మా అమ్మాయీ అంతే. ఎవరు ఆ మాట అన్నా రాసుకునేదాన్ని, తిరిగొచ్చాక చెరిపేద్దామని."

చెరపాల్సిన అవసరం పెద్దగా రాలేదని గోడను చూస్తే తెలుస్తూనే ఉంది.

అధ్యక్షుడి ముఖం పాలిపోయింది. గోడను చూడ్డానికి రమ్మని మంత్రిగారికి ఆహ్వానం ఎప్పుడో వెళ్లిపోయింది! పండితుడే ముందు తేరుకున్నాడు.

"అయితే అర్చకురాలు సజీవంగా ఉన్నారన్నమాట!"

"అదే కదా నేననేది!" అన్నాడు అధ్యక్షుడు, ట్రంకుపెట్టెను కాలితో మంచం కిందికి తోస్తూ. "మా పెద్దమ్మను వదిలి ఒక్క పూటైనా ఉండగలమా?"

హైరాటిక్ అన్న మాట దేవుళ్ల బొమ్మలకూ వర్తిస్తుందని పండితుడు సెలవిచ్చాడు. నిటారుగా కూర్చోవాలి, చూపు ఎదటికే, చేతులు మోకాళ్ల మీదే. నవ్వు నిషిద్ధం. పెద్దమ్మను ఎత్తుపీట మీద అలాగే కూర్చోబెట్టారు. దోమ కుట్టింది.

"గోక్కోకండి పెద్దత్తయ్యా, శైలి చెడిపోతుంది!" అంది అధ్యక్షుడి భార్య.

అందరూ దణ్ణాలు పెట్టి వెళ్లాక అధ్యక్షుడు గొంతు తగ్గించాడు.

"పెద్దమ్మా, రేపే మంత్రిగారు వచ్చేది. ఇటువైపు గోడ బోసిగా ఉంది. నాలుగు వరుసలు గీసి పెడుదూ, కాస్త పాతగా."

"ఊరికే ఎలా రాస్తానురా? ముందు ఎవరో ఒకరు వెళ్లాలి."

"ఎవరు వెళ్లాలి?"

"ఎవరో ఎందుకు? నువ్వున్నావుగా."

అతను పకపకా నవ్వి, గడప దాటి, "వెళ్లొస్తా పెద్దమ్మా!" అన్నాడు నాటకాల గొంతుతో.

పెద్దమ్మ పీట దిగి తలుపు గడియ పెట్టింది. దోమ కుట్టినచోట తీరిగ్గా గోక్కుని, బొగ్గు ముక్క అందుకుంది. ఈసారి 'ళ' కుదిరింది.

"రాశావా? తలుపు తియ్యి!" బయట దబదబా బాదుడు.

"ఎదురుచూడు నాయనా," అంది పెద్దమ్మ. "అదే అలవాటవుతుంది."