వియ్యపురాలి మొటిమలు

యాభై దాటాక మొటిమలు వస్తాయని ప్రేమకు ఎవరూ చెప్పలేదు. ముట్టు ఆగి ఏడాదయింది, పీడ వదిలిందనుకుంటే ఇవి దిగాయి. "ఈ వయసులో ఒంట్లో మార్పుకు వస్తాయమ్మా. గిల్లొద్దు, క్రీము రాయండి, నెలలు పడుతుంది," అంది హోసూరు డాక్టరమ్మ. నెలలు ఎక్కడివి? రేపే కృష్ణగిరిలో కొడుకు తిలక్ నిశ్చితార్థం. అందుకే పొద్దున్నే క్రీము పక్కన పెట్టి, వేపాకూ పసుపూ నూరి ముఖానికి పూసుకోవాలనుకుంది.

"నాలుగాకులు తెమ్మంటే చెట్టే నరుక్కొచ్చినారా?" అంది మొగుణ్ణి చూసి. కింద పెడితే మేకలు మేస్తాయని, ఆంజినప్ప మిగిలిన కొమ్మలన్నీ వీధి గుమ్మానికి దోపి గులాబీ తోటకు పోయాడు.

మజ్జిగకని వచ్చిన పక్కింటి కెంపమ్మ గుమ్మంలోనే ఆగింది. పైన వేపకొమ్మలు, లోపల పసుపు ముఖం, మధ్యన ఎర్రటి పొక్కులు. ఇంకేముంది, అమ్మవారు పోసింది! చెంపలేసుకుని, మాట్లాడకుండా వెనుదిరిగింది. ఊళ్ళో మాత్రం మాట్లాడింది.

కాసేపటికి ఆంజినప్ప వగరుస్తూ వచ్చాడు. "పూలు కోసేదానికి ఒక్కరూ రాలేదే! ఏమని అడిగితే నా కాళ్ళకు దండం పెడతా ఉండారు!"

అంతలో ఫోను మోగింది. కాబోయే వియ్యపురాలు చిత్ర. సంబంధం కుదిర్చింది కెంపమ్మే గనుక కబురు అక్కడికీ చేరింది.

"వదినా, మీ ఇంట్లో అమ్మవారంట కదా. ఇంకోసారి పెట్టుకుందాం."

"అమ్మవారూ లేదు, ఏమీ లేదు. మొటిమలు వదినా!"

"అయ్యయ్యో, అట్లనొద్దు. తల్లికి కోపమొస్తుంది. మన వయసులో మొటిమలేంది?"

కాదన్నకొద్దీ పాపం పెరిగేట్టుంది. రేపు దాటితే మంచిరోజు లేదు, వెనకే ఆషాఢం. ఈ సంబంధం కుదిరేసరికే తల ప్రాణం తోకకు వచ్చింది. ప్రేమకు ఏడుపొచ్చింది. ఇక సిగ్గు గట్టున పెట్టింది.

"నాకు ముట్టు నిలిచిపోయింది వదినా! ఒళ్ళంతా సెగలు, నిద్ర లేదు, గడ్డం నిండా మొటిమలు. హోసూరు డాక్టరమ్మ చూసి చెప్పినాది. నీ బిడ్డ మీద ఒట్టు!"

ఆంజినప్ప చటుక్కున మేకల వైపు తిరిగాడు. సంబంధం పోయిందనుకుంది ప్రేమ.

చిత్ర గొంతు తగ్గించింది. "ఏ డాక్టరమ్మ వదినా? నాకూ అంతే. రేపు ఈ ముఖంతో ఎట్లా నిలబడేదని ఏడుస్తా ఉంటే కెంపమ్మ ఫోన్ చేసింది. తల్లే నన్ను కాపాడిందనుకుంటిని."

"అయితే రేపు?"

"వచ్చేయండి. ఫోటోలు తీసే అతన్ని మాత్రం దూరంగా నిలబడమందాం."

ఆ పెళ్ళి మొత్తంలో వియ్యపురాళ్ళిద్దరూ పేచీ లేకుండా ఒప్పుకున్న మాట అదొక్కటే.