ఫాథర్‌గిల్ ఐదో మైలు దండయాత్ర

ఓ బురద తల్లీ, లింకన్‌షైర్ పొలాల్లో పన్నెండు నెలలూ కొలువుండి, రాజని పాలేరని తేడా చూడకుండా ప్రతి కాలి జోడునూ పీకి నీ పొట్టలో దాచుకునే చల్లని తల్లీ, ఒక్క ఘడియ నా నాలుకని వదులు. మే నెల, శనివారం, పొద్దున తొమ్మిది గంటలకు, కురవాలా వద్దా అని ఆకాశం కమిటీ వేసుకు కూర్చున్న శుభముహూర్తాన, నూట నలభై గడపలూ ఒక చర్చీ ఒక పబ్బూ గల లిటిల్ థ్రాబీ మహానగరంలో పుట్టిన ఘోరసంగ్రామాన్ని చెబుతాను. ఇందులో ఎవరూ చావరు. సిగ్గుతో చావాల్సినవాడు ఒకడున్నాడు గానీ, వాడికీ తీరిక లేకపోయింది.

వాడే డెనిస్ ఫాథర్‌గిల్. మురుగుకాలవల ఆఫీసులో ముప్పై ఏళ్లు కాగితాలు మడిచి, అరవై మూడో ఏట ఇంట్లో కూర్చోలేక రోడ్డున పడ్డ వీరుడు. బకజంఘావిరాజితుడు, నిమ్మపండురంగు నిక్కరుధారి, సకలక్షేత్రద్వారపిధానధురంధరుడు, అంటే ఏ పొలం గేటు ఎవడు తెరిచి వదిలినా వెనక్కి పరుగెత్తుకొచ్చి మూసి, వదిలినవాడి పేరు కనుక్కునేదాకా అన్నం సయించనివాడు. ఈ మహానుభావుడు ఊరి చుట్టూ ఏడు పరుగుదారులు కనిపెట్టాడు. కనిపెట్టడమంటే, వెయ్యేళ్లుగా ఆవులు నడిచిన దారులకి నంబర్లు వేశాడు.

ఆ ఏడింటిలో ఏడోది కిరీటం. పచ్చికబయలు దగ్గర మొదలై, పొలాలన్నీ చుట్టి మళ్లీ పచ్చికబయలుకే వచ్చే ఆ దారికి పన్నెండేళ్ల కిందట తానే దూరం కొలిచి, ‘ఫాథర్‌గిల్ ఐదు మైళ్లు’ అని తానే పేరు పెట్టుకుని, కరపత్రం అచ్చేయించి చర్చి వాకిట్లో పెట్టాడు. మా ఊరి కమిటీ కరిగిపోయి, ఆ పేరు ఓక్ చెక్క మీద చెక్కించి పచ్చికబయల్లో పాతిద్దామంది. చెక్కేవాడు శనివారం మధ్యాహ్నం రెండింటికి వస్తాడు. అంతకు ముందే దూరం సరిచూడాలని పట్టుబట్టింది కమిటీ కార్యదర్శి మ్యూరియల్ టాప్లిస్. డెబ్బై ఒక్కేళ్ల మనిషి. ఒక తుంటి దేవుడిచ్చింది, ఒకటి ఆస్పత్రివాళ్లిచ్చింది, రెండూ కలిసి ఊళ్లో అందరి తుంట్ల కంటే వేగంగా పోతాయి.

ఇక శత్రువు సంగతి. రెజ్ హాకిన్ అనే రైతుకి ఊరి తూర్పున ఎనభై ఎకరాలు ఒకే చెక్కగా ఉంది. దానికి ఒక మూల నుంచి ఎదుటి మూలకి అడ్డంగా జనం నడిచే హక్కున్న కాలిబాట. దున్నుకోవచ్చు గానీ, దున్నాక మళ్లీ దారి తీసివ్వాలని చట్టం. రెజ్ ఏళ్ల తరబడి దున్నాడే తప్ప దారి తీయలేదు. మా ఊరివాళ్లు మర్యాదస్తులు కదా, లోపల తిట్టుకుంటూ, పైకి వాతావరణం బాగుందనుకుంటూ, చేను గట్టు చుట్టూ తిరిగిపోయారు. ఫాథర్‌గిల్ మాత్రం కలం దూశాడు. నాలుగేళ్లలో కౌంటీ ఆఫీసు మీద ముప్పై ఒక్క ఉత్తరాలు ప్రయోగించాడు. ఆఖరికి ఆఫీసువాళ్లు ఆ శరపరంపరకి తాళలేక రెజ్‌కి తాఖీదు పంపితే, అతను కిమ్మనకుండా, నడుమెత్తు ఎదిగిన పసుపురంగు పూల చేలోంచి తాడు పట్టి గీసినట్టు ఈ మూల నుంచి ఆ మూలకి దారి కోసిచ్చాడు. ఆ సాయంత్రం పబ్బులో ఫాథర్‌గిల్ సగం గ్లాసు బీరు (వాడెప్పుడూ సగమే) పైకెత్తి, న్యాయం తిన్నగా నడుస్తుందని ఉపన్యసించాడు. రెజ్ మూలన కూర్చుని వేరుశనగలు నములుతూ నవ్వాడు. ఎందుకు నవ్వాడో ఎవరూ అడగలేదు.

శనివారం యుద్ధభేరి మోగింది. అంటే ఉపగ్రహాలని అడిగి దూరం కొలిచే చేతిగడియారాలు, వాడిదీ మ్యూరియల్‌దీ, ఒకసారి కీచుమన్నాయి. చర్చి వెనక దురదగొండి అక్షౌహిణులను బకజంఘలతో చీల్చుకుంటూ, కంచె దాటే చెక్కమెట్ల దగ్గర ఎదురైన ముగ్గురు ముసలి నడకరులతో ‘మీరు ముందు’, ‘అబ్బే, మీరే ముందు’ అనే భీకర మర్యాదాయుద్ధంలో నాలుగు నిమిషాలు పోరి ఓడి తానే ముందు దాటి, తనని చూసి సరదాపడి వెంటబడ్డ ఇరవై కోడెదూడల ముందు నిమ్మపండు నిక్కరు పతాకలా రెపరెపలాడుతుండగా మ్యూరియల్‌ని సైతం దాటి దూసుకుపోయి (ఆ పరుగులో ఆవిణ్ణి దాటడం అదొక్కసారే), ఆ గొడవలోనూ గేటు మూయడం మరవక, చివరకు తాను గెలిచిన తిన్నని దారిలో పసుపు పూల సముద్రాన్ని నిట్టనిలువుగా చీల్చుకుంటూ, ఆ ధీరుడు పచ్చికబయలు మీద వాలాడు.

“నాలుగు పాయింట్ ఏడు తొమ్మిది,” అంది మ్యూరియల్, రొప్పైనా లేకుండా. “నీదీ అంతేగా?”

అంతే. వీరుడు ముందు ఉపగ్రహాలని తిట్టాడు. తర్వాత మబ్బుల్ని, చెట్లని, దూడల్ని తిట్టాడు. మ్యూరియల్ గారు మలుపుల్లో మరీ లోపలి నుంచి వస్తున్నారని కూడా అనబోయి, ఆవిడ మొహం చూసి మానుకున్నాడు. ఆవిడ నీళ్లు తాగి, సీసా మూత బిగించి, ఒక్కటే అడిగింది.

“డెనిస్, పన్నెండేళ్ల కిందట నువ్వు కొలిచినప్పుడు రెజ్ చేలో దారి ఉందా?”

లేదు. అప్పుడూ దున్నేసే ఉంది. వాడూ అందరిలాగే గట్టు చుట్టూ తిరిగి కొలిచాడు. ఆ గట్టు వంపులోనే ఉంది ఐదో మైలు తోక. చూశారా వీడి శౌర్యం? తన తోకని తానే, ముప్పై ఒక్క ఉత్తరాలు రాసి, స్టాంపులంటించి, ప్రభుత్వం చేత కోయించుకున్నాడు.

మ్యూరియల్ జాలిపడి, నాలుగూ ముప్పావు అని చెక్కిస్తాను, అదీ అంకేగా అంది.

“ఫాథర్‌గిల్ నాలుగూ ముప్పావు,” అన్నాడు వాడు నీరసంగా. “అది పరుగుదారి పేరా మ్యూరియల్ గారూ, చెప్పుల సైజా?”

గట్టు మీంచే పరుగెత్తమని రాద్దామన్నాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. దారి లేనప్పుడు గట్టెక్కారంటే అర్థముంది, దారుండగా గట్టెక్కితే పరాయి పొలంలో పడ్డట్టే, రెజ్ ఒప్పుకుంటే తప్ప కమిటీ రాయదు. అలా నాలుగేళ్ల విజేత, నిక్కరుకి బురద తుడుచుకుని, శత్రుశిబిరానికి కాలినడకన బయల్దేరాడు. సాక్షిగా ఆవిడ వెంట నడిచింది.

రెజ్ మందుకొట్టే యంత్రం పక్కన తిరగేసిన బకెట్ మీద కూర్చుని చీజు, ఊరగాయ పెట్టిన బ్రెడ్డు తింటున్నాడు. ఫాథర్‌గిల్ ఛాతీ విరిచి గళమెత్తాడు: ఓ హాకిన్ కులతిలకా, అశీతిఎకరాధీశ్వరా, పరుగు అనేది మానవజాతి ఉమ్మడి ఆస్తి, గట్టు అనేది ప్రకృతి గీసిన గీత, పొరుగువాడి పాదధూళి సోకితే నీ నేలకే పుణ్యం! ఇలా అందామని దారి పొడుగునా వల్లెవేసుకున్నాడు లెండి. తీరా నోరు తెరిచాక, నాలుగేళ్లుగా ‘ఆ హాకిన్ గాడు’ అన్న నోట్లోంచి “రెజ్ గారూ, మీరు కాస్త…” అని మాత్రం వచ్చింది.

“కూర్చో డెనిస్,” అన్నాడు రెజ్. “దారి కావాలని ముప్పై ఒక్కసార్లు రాశావు. ఇచ్చాను. పొట్టిగా ఉందా?”

“మీకు ముందే తెలుసా?”

“కోసిన రోజే తెలుసు. మూడొందల నలభై మీటర్లు తగ్గుతుందని మా ఆవిడతో అన్నాను. నీకు చెబుదామనే అనుకున్నా, కానీ నువ్వు పబ్బులో ఉపన్యాసంలో ఉన్నావు.”

గట్టు ఇస్తానన్నాడు రెజ్. ఎప్పటికీ ఇస్తాను, ఇప్పుడే కాగితం మీద రాసి మ్యూరియల్ చేతికే ఇస్తానన్నాడు. ఫాథర్‌గిల్ కళ్లు తడిశాయి. రెజ్ ఒళ్లోని బ్రెడ్డు తునకలు దులుపుకున్నాడు.

“చెక్క మీద పేరు మాత్రం నాది ఉండాలి. గట్టు నాదైతే మైళ్లు నావి కావా?”

అప్పుడు, పన్నెండేళ్ల కీర్తి ఒక పక్కా, ఒక అంకె ఒక పక్కా లాగుతుండగా, ఆ మురుగుకాలవల కులదీపకుడి గుండె రెండుగా చీలింది. మీరూ నేనూ అయితే పేరు ఉంచుకుని నాలుగూ ముప్పావుతో ఇంటికెళ్లి అన్నం తింటాం. వాడు తినగలడా? గేటు చిలుకు సగం పడితేనే నిద్రపట్టని జీవి.

“ఐదు ఉంటుందా?” అన్నాడు.

“ఐదు ఉంటుంది. పేరు నాది.”

“సరే,” అన్నాడు ఫాథర్‌గిల్, బకెట్ పక్కన పడుకున్న కుక్క కూడా కన్ను తెరవనంత మెల్లగా.

కాగితం మీద కూడికలు కుదరవు, మళ్లీ మొత్తం పరుగెత్తి చూపించాల్సిందేనంది మ్యూరియల్. మళ్లీ దురదగొండి, మళ్లీ చెక్కమెట్లు, మళ్లీ దూడలు. ఈసారి అవి కూడా జాలిపడి లేవలేదు. గట్టు మీద ఎడమకాలి జోడు బురద తల్లికి సమర్పించి, ఒంటి జోడుతో, రెండింటికి మూడు నిమిషాలుందనగా వాడు పచ్చికబయలు చేరాడు. చెక్కేవాడు ఉలి పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు.

నాలుగు పాయింట్ తొమ్మిది తొమ్మిది.

మ్యూరియల్ మర్యాదగా ఆకాశం వైపు చూసింది. ఫాథర్‌గిల్ చుట్టూ చూశాడు. దగ్గర్లో గుండ్రంగా తిరగడానికి ఉన్నదల్లా కుక్కల పెంట వేసే ఎర్ర డబ్బా ఒక్కటే. పరుగాపకుండా, తల వంచుకుని, దాని చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. ఒకటి. రెండు. మూడు. చెక్కేవాడు ఉలి దించేశాడు. నాలుగు. ఐదో ప్రదక్షిణ సగంలో గడియారం కీచుమంది.

జయీభవ, దిగ్విజయీభవ! రెండు పూటల రణరంగంలో, పది మైళ్ల కాళ్లనొప్పులకు, ఒక జోడుకు, తన సొంత పేరుకు బదులుగా, మైలులో నూరో వంతు భూమిని ఫాథర్‌గిల్ చక్రవర్తి జయించాడు. పచ్చికబయల్లో ఇప్పుడు చెక్క ఉంది. దాని మీద ‘హాకిన్ ఐదు మైళ్లు’ అని పెద్దగా, కింద మ్యూరియల్ పట్టుబట్టి చెక్కించిన చిన్న అక్షరాల్లో ‘చివరన ఎర్ర డబ్బా చుట్టూ ఐదుసార్లు తిరగవలెను’ అని ఉంటుంది. ఆదివారాలు పక్క ఊళ్ల నుంచి కూడా వచ్చి, ముక్కు మూసుకుని తిరిగిపోతారు. పక్క బెంచీ మీద నిమ్మపండు నిక్కరులో ఒకడు కూర్చుని ఉంటాడు. నాలుగు తిరిగి ఆగిపోయినవాణ్ణి చెయ్యెత్తి పిలుస్తాడు.

“ఇంకొకటి ఉంది బాబూ,” అంటాడు.