అంకమ్మరావు గారి నూట పది గుర్రాలు

రోడ్డు మీద తిరిగే కారుకి ఎన్ని హార్స్ పవర్ కావాలి? ఈ ప్రశ్న ఎవరడిగినా తడుముకోకుండా నేను చెప్పే జవాబు ఒక్కటే. తోడల్లుడి కారుకి ఉన్నదాని కంటే ఎక్కువ!

ఇందులో బుర్ర బద్దలు కొట్టుకోవలసింది ఏముంది చెప్పండి? పెట్రోలు ఎంత తాగుతుంది, సీటు మెత్తగా ఉందా, మన సందులో పడుతుందా అంటూ వెనకాముందూ చూసేవాళ్ళు సైకిలు కొనుక్కోవాలి. కారు కొనకూడదు.

గంటకి ఎనభై మైళ్ళు పోగల కారుని గంటకి ఎనిమిది మైళ్ళు తోలడంలో ఎంత దర్జా ఉంది! ఎనిమిది మాత్రమే పోగలిగిన బండిని ఎనిమిది తోలితే ఎవడు చూస్తాడు? ఏకాదశి ఉపవాసానికీ, ఇంట్లో గింజలు లేక పస్తుండటానికీ తేడా లేదూ?

పైగా హార్స్ పవర్ ఎక్కువున్న కారు కదలక్కర్లేదు. ఆ అంకె చెబితే చాలు. బ్యాంకు మేనేజరు లేచి కుర్చీ చూపిస్తాడు. మిరప కొట్లో గుమాస్తా మన బస్తాలు ముందు కాటా పెడతాడు. సాక్షాత్తూ పెళ్ళిళ్ళ పేరయ్య సోడా తన డబ్బులతో తాగిస్తాడు!

నమ్మరూ? అయితే ప్రత్తిపాడు అవతల, తారురోడ్డుకి మైలు దూరంలో ఉన్న మా ఊళ్ళో అంకమ్మరావు కారు కొన్న వైనం వినండి. ఎనభై అయిదులో సంగతి.

ఆ ఏడు అంకమ్మరావుకి పత్తి విరగకాసింది. ఆ ఏడే ఆయన భార్య వెంకటరావమ్మకి నడుములో పూస జారింది. గుంటూరు డాక్టరు ఫిలిం లైటుకి పెట్టి చూసి, "ఎద్దుబండి గానీ ట్రాక్టరు గానీ ఎక్కారంటే తరవాత నా దగ్గరికి రాకండి, నేనేమీ చెయ్యలేను" అన్నాడు. ఆవిడకి ఇల్లే ఊరైంది.

సరిగ్గా అప్పుడే చిలకలూరిపేటలో కూతురు మగపిల్లాణ్ణి కన్నది. తొలికాన్పు పుట్టింట్లో చెయ్యలేకపోయానే అని వెంకటరావమ్మ ఎంత కుమిలిందో చూసినవాళ్ళకి తెలుసు. పోనీ పిల్లని, బిడ్డని పంపమంటే వియ్యాలవారు కబురు చేశారు: "మీ ఊరి డొంకలో పసిగుడ్డు బండికుదుపులకి ఆగదు. కార్తీకంలో అన్నప్రాసన పెట్టుకున్నాం. మీరే రండి." తల్లి పాపం ఎట్లా పోతుంది?

మంచం మీద మోయించుకుని తారురోడ్డు దాకా పోదామని ఎవరో సలహా ఇచ్చారు. వెంకటరావమ్మ కళ్ళెర్రజేసింది. "ఊపిరుండగా మంచం మీద ఊరు దాటను. నలుగురూ చూసి నోరు నొక్కుకోడానికా?" అంది.

అంకమ్మరావుకి పెళ్ళామంటే ప్రాణం. ఆ సంగతి ఆయనా ఎక్కడా చెప్పడు, మనమూ చెప్పొద్దు. "కారు కొంటున్నా. మన గుమ్మంలో ఎక్కించి వియ్యాలోళ్ళ గుమ్మంలో దించుతా. నీ మనవడికి పాయసం నువ్వే నాకిద్దువుగాని" అన్నాడు. రెండు నెలల గడువుంది. ఆవిడ వెండిగిన్నె, చెంచా తోమి బీరువాలో పెట్టుకుంది.

చిలకలూరిపేటలో జిన్నింగు మిల్లుల పక్కన షెడ్డు పెట్టుకున్న జోసఫ్ మంచి మెకానిక్కు. మెకానిక్కుగా మంచివాడే గానీ లోకజ్ఞానం బొత్తిగా లేదు. "చిన్న కారొకటి అమ్మకానికి ఉందండి. నలభై హార్స్ పవరు. కుదుపుండదు. ఎంత ఇరుకులోనైనా పోద్ది. అమ్మగారికి హాయిగా ఉంటది" అన్నాడు.

అంకమ్మరావు మొహం మాడిపోయింది. "నలభయ్యా? ఒరేయ్ జోసఫూ, నా ట్రాక్టరే ముప్పై అయిదు. దాని మీద అయిదు ఎక్కువ కోసం కారు కొంటార్రా ఎవరన్నా? ఆ అయిదు నా బోరు మోటారుకే ఉంది!"

"కారుకి నలభై చాలా ఎక్కువేనండి. ఇదిగో, కాయితంలో కూడా రాసి ఉంది."

"రాసింది నమ్మడానికి నేనేమన్నా కరెంటాఫీసు వాణ్ణా?"

ఈ మాటకి కొంచెం వివరం కావాలి. ఆ రోజుల్లో పొలం మోటారుకి కరెంటు బిల్లు దాని హార్స్ పవర్ని బట్టి వేసేవారు. అందువల్ల మా ప్రాంతంలో అయిదు హార్స్ పవర్ మోటార్లన్నీ వినయంగా మూడు అని రాసిన బిళ్ళలు తగిలించుకుని తిరిగేవి. బిళ్ళ మీద అంకెకీ లోపలి బలానికీ సంబంధం లేదని అనుభవం మీద తెలిసిన మనిషి, నలభై అని రాసుంటే ఎట్లా నమ్ముతాడు?

పైగా తోడల్లుడు యలమందయ్య అప్పటికే నలభై అయిదు కొని ఊరేగుతున్నాడు. అక్కడితో చర్చ ముగిసింది. ముగిసిందంటే, మొదలైంది. యాభై ఉండాలా, అరవై ఉండాలా అని టీ కొట్టు దగ్గర పదిహేను రోజులు. అరవై అయితే ఎనభై ఎందుకు కాకూడదని ఇంకో పదిహేను. చివరికి గుంటూరులో ఒక పాత పొగాకు వ్యాపారి షెడ్డులో దొరికింది అంకమ్మరావు మనసులోని కారు. సీమ సరుకు, దొరల దేశంలో చేసింది. ఆరు సిలిండర్లు. నూట పది హార్స్ పవర్! బానెట్టు మీద నలుగురు కూర్చుని పేకాడుకోవచ్చు.

ఇంటికొచ్చి ఆ అంకె చెప్పి, భార్య మొహంలోకి చూశాడు.

"అది మన గుమ్మం దాకా వస్తదా?" అంది వెంకటరావమ్మ.

"నూట పదే! వైజాగు దాకా పోయి మళ్ళీ వస్తది."

"వైజాగులో నాకేం పని? గుమ్మం దాకా వస్తదా అంటున్నా."

చూశారా? నూట పది గుర్రాలు ఎదురుగా నిలబడి సకిలిస్తుంటే ఈ ఆడవాళ్ళు గుమ్మం దగ్గరే ఆగిపోతారు. అందుకే ఇంజనీరింగు విషయాలు ఇంట్లో మాట్లాడకూడదు.

బేరాలు, టైర్లు, రంగు, మంచిరోజు అన్నీ కుదిరేసరికి అన్నప్రాసన నాటి పొద్దు రానే వచ్చింది. పదీ నలభైకి ముహూర్తం. ఎనిమిదింటికల్లా డ్రైవరు ప్రేమదాసు గుంటూరు నుంచి కారు తెచ్చి, డొంక మొదట్లో కాచుకుని ఉన్న అంకమ్మరావు ముందు ఆపాడు. ఆపి, దిగాడు. డొంకలోకి చూశాడు. కారు వెడల్పు చూశాడు. తలపాగా విప్పి అటూ ఇటూ కొలిచాడు.

డొంక అంటే పట్నం పాఠకులకి తెలియకపోవచ్చు. చేల నడుమ ఊరందరి బళ్ళూ పోయే దారి అది. అందరిదీ కాబట్టి ఎవరిదీ కాదు. ఎవరిదీ కాదు కాబట్టి రెండు పక్కల రైతులదీ.

మా ఊరి డొంక కరణం గారి నక్షాలో ఇరవై రెండు అడుగులు. నక్షా అబద్ధం ఆడదు. కాకపోతే నక్షా మీద ఎవరూ అరక తోలరు. నేల మీద తోలుతారు. కుడిపక్క చేను అంకమ్మరావుది. పదహారేళ్ళుగా ఏటా వేసవి దుక్కిలో డొంక వైపు ఒక నాగటి సాలు చేలో కలుపుకుంటున్నాడు. ఎంతండీ అది? అరడుగు. అరడుగు ఎవడికి అడ్డం?

ఎడమపక్క చేను ఆదెయ్యది. ఆదెయ్య వంటి మర్యాదస్తుణ్ణి మీరు ఈ జిల్లాలో చూడలేరు. అంకమ్మరావు ఒక సాలు కలిపితే తను ఊరుకోవడం చేతగానితనం అవుతుందని, ఆయన కూడా ఏటా ఒక సాలు కలుపుతాడు. అంతే గానీ రెండోది కలపడు. ఇద్దరి మధ్య ఏనాడూ మాట తేడా రాలేదు. సామరస్యం అంటే అదీ! ఇరవై రెండులోంచి ఎనిమిదీ ఎనిమిదీ పోగా మిగిలిన ఆరడుగుల్లో ఎద్దుబళ్ళు రెండు వైపులా పత్తిచెట్లని ఒరుసుకుంటూ పోతున్నాయి.

"డొంక ఆరడుగులండి" అన్నాడు ప్రేమదాసు. "కారు ఆరున్నర."

"తొక్కవయ్యా. నూట పది ఉన్నయ్యిగా!"

"ఉంటే మాత్రం కారు సన్నబడుద్దా అండి?"

అంకమ్మరావు చెమట తుడుచుకున్నాడు. ప్రేమదాసే మళ్ళీ అన్నాడు. "మీ చేలోకి రెండు సాళ్ళు తొక్కుకుంటూ పోనిస్తానండి. నిమిషాల్లో ఇంటికాడుంటాం."

"బుద్ధుండే మాట్లాడుతున్నావా? పత్తి పగిలి తెల్లగా ఉంటే కారుతో తొక్కిస్తావా? ఆ ఆదెయ్య వైపు తొక్కు."

ఆదెయ్య అప్పటికే తన చేను మొదట్లో చేతికర్రతో నిలబడి ఉన్నాడు. "నాదీ పగిలే ఉంది బావా. నువ్వు నీ వైపునించే పోనీ. నేనేమీ అనుకోను" అన్నాడు ఎంతో ఆప్యాయంగా.

తొమ్మిదయింది. అంకమ్మరావు కారుని అక్కడే వదిలి మైలు దూరం నడిచి ఇంటికి పోయాడు. వెంకటరావమ్మ తెల్లవారకముందే తలంటుకుని, ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుని, వెండిగిన్నె ఒళ్ళో పెట్టుకుని మంచం అంచున కూర్చుని ఉంది. నడుముకి తువ్వాలు బిగించుకుంది.

ఆయన గుమ్మంలో నిలబడి చాలా విషయాలు చెప్పాడు. ఆరు సిలిండర్ల చప్పుడు అసలు వినపడదన్నాడు. గుంటూరు నుంచి ముప్పావు గంటలో వచ్చిందన్నాడు. ఆవిడ అంతా విన్నది.

"గుమ్మం దాకా రాలేదు కదూ?" అంది. తరవాత, "జక్రయ్యని పిలువు. మంచం ఎత్తమను" అంది.

ఆవిడ ఏడవలేదు. ఏడ్చింది అంకమ్మరావు.

జక్రయ్య ముప్పై ఏళ్ళుగా ఊళ్ళో అందరి చేలల్లోనూ పని చేసిన మనిషి. ఊరి చివరి పల్లెలోంచి మరో ముగ్గుర్ని వెంటబెట్టుకొచ్చాడు. ముందు ఇద్దరు, వెనక ఇద్దరు మంచం భుజాలకెత్తుకుని డొంకలోకి దిగారు. వెనకాల వెండిగిన్నె పట్టుకుని అంకమ్మరావు నడిచాడు.

చేలల్లో పత్తి తీస్తున్న ఆడవాళ్ళు మంచాన్ని చూసి నడుములెత్తారు. నెత్తి మీద గుడ్డలు తీసేశారు. ఒకామె, "అయ్యో, ఎవరమ్మా పోయింది?" అని గట్టిగా అడిగింది.

వెంకటరావమ్మ మోచేతి మీద లేచింది. నొప్పికి పళ్ళు బిగబట్టి, డొంకంతా వినపడేట్టు అరిచింది. "నేనేనే! బతికే ఉన్నా! మనవడి అన్నప్రాసనకి పోతన్నా!"

"చేతులు లోపల పెట్టుకోండమ్మగారూ, కొమ్మలు గీరుకుంటయ్యి" అన్నాడు జక్రయ్య.

"జక్రయ్యా, నేను కాపురానికొచ్చిన్నాడు ఈ డొంకలో రెండు బళ్ళు పక్కపక్కన వచ్చినయ్యి. గుర్తుందా?"

"ఎందుకు లేదమ్మా. మేళం బండి ఒకటి, మీ బండి ఒకటి."

"ఆ రెండో బండి దారి ఏమైంది?"

జక్రయ్య కుడిపక్కకి చూశాడు. ఎడమపక్కకి చూశాడు. రేపు కూలికి ఎటు పోవాలో తెలియని మనిషి ఏం చెబుతాడు? భుజం మార్చుకుని నడిచాడు. వెనక అంకమ్మరావు తల ఎత్తలేదు.

తారురోడ్డు ఎక్కాక మాత్రం ఆ నూట పది గుర్రాలూ ఏం పరుగెత్తాయండీ! ఆ పరుగుని ఇప్పటికీ టీ కొట్టు దగ్గర చెప్పుకుంటారు. పదకొండున్నరకి పేట చేరారు. పిల్లాడు పాయసం తిని, మూతి తుడిపించుకుని, నిద్రపోయి చాలాసేపయింది.

ఇది జరిగాక మా ఊళ్ళో కొందరు కుర్రకారు అర్జీ రాశారు. సర్వేయర్ని పిలవాలట, గొలుసు పెట్టి కొలవాలట, రాళ్ళు పాతాలట, ఇరవై రెండు అడుగులూ తేల్చాలట! ఇంత చిన్న విషయానికి గవర్నమెంటుని కదిలిస్తారా? నూట పది చాలకపోతే రెండు వందల హార్స్ పవర్ కొనొచ్చు. కారే వద్దంటే మంచాలున్నాయి. మూడడుగుల మంచాలు మాని రెండడుగులవి నేయించుకుంటే డొంకతో ఎవరికీ పేచీ ఉండదు. మార్గం ఉంటుందండీ, మనసుండాలే గానీ.

ఇంతకీ ఆ ఆదెయ్య ఏమంటున్నాడని మీరు అడగొచ్చు. చెబుతూనే ఉన్నాను కదా, మొదటినుంచీ. ఆదెయ్యని నేనే.

ఆ రోజు నా చేను పక్కనుంచి మంచం పోతుంటే వెంకటరావమ్మ నా వైపు తల తిప్పింది. తిడుతుందనుకున్నాను. "బాగున్నావా అన్నయ్యా? వదిన బాగుందా?" అని అడిగింది. మా పత్తి ఆ పట్టుచీరకి తెల్లగా అంటుకుని ఉంది. నాకు చాలా సిగ్గేసింది. అబద్ధమెందుకు, రెండు మూడు రోజులు అన్నం సయించలేదు.

అందుకే ఆ మరుసటి వేసవి దుక్కికి ముందు గట్టు మీద కూర్చుని బాగా ఆలోచించాను. వదిలేద్దామనే అనుకున్నాను. అంతలో అవతల అంకమ్మరావు అరక కట్టాడు. నేనూ కట్టాను.

ఒక్క సాలే కలిపాను. మంచం పోవడానికి ఇంకా దారి ఉంది.