లిఫ్టులో ఎక్కిన గుర్రం

మనిషి చంద్రుడి మీద కాలు పెట్టడం గొప్పే కావచ్చు గానీ, తన నవలను ఎదుటివాడు చీల్చి చెండాడుతుంటే చిరునవ్వుతో కూర్చోగలగడం అంతకంటే గొప్ప నాగరికత. ఈ సంగతి ఆలస్యంగానైనా గుర్తించిన ప్రభుత్వం సద్విమర్శ స్వీకార శాఖను నెలకొల్పింది. ఆ శాఖ ఇచ్చే యోగ్యతాపత్రం లేనిదే ఎవరూ పుస్తకం అచ్చు వేయించుకోవడానికి వీల్లేదు. ఇంతకీ దీనికి మూలం, ఒక సభలో ఒక కవి తన విమర్శకుడి మీదకి పూలకుండీ విసరడం. కుండీ పగిలింది. (విమర్శకుడి తల కూడా పగిలిందంటారు గానీ, విచారణ నివేదికలో కుండీ ప్రస్తావన మాత్రమే ఉంది.)

మన లిఫ్టు మెకానిక్‌కి ఈ గొడవలేవీ తెలియవు. పగలంతా లిఫ్టు గోతుల్లో దిగి ఒళ్లంతా గ్రీజు పూసుకోవడం, సాయంత్రం వాళ్లక్క గురించి నవల రాసుకోవడం, అదే అతని లోకం. అమ్మానాన్నా పోయాక కుట్టుమిషను తొక్కి అతన్ని పెంచింది ఆ అక్కే. రాసిన ప్రతి పేజీ ముందు ఆమెకే చూపించేవాడు. ఆమె కళ్లజోడు సవరించుకుని, సూది పక్కన గుచ్చి, తీరిగ్గా చదివేది. మొహమాటం అనేది ఆమె మిషను మీద ఎప్పుడూ కుట్టని గుడ్డ.

"ఇదేంట్రా, నన్ను ఇంత మంచిదాన్ని చేసేశావు?" అంది ఓసారి. "నువ్వు బడి ఎగ్గొట్టిన రోజు, గుడ్డ కొలిచే చెక్క స్కేలు విరిగేదాకా కొట్టాను కదా. అదేది?"

"అదెందుకులే అక్కా."

"ఎందుకంటే ఆ రాత్రంతా నేను ఏడ్చాను గనక. ఏడుపు ఉంచుకుని దెబ్బలు తీసేస్తే ఎలారా? ఊరికే ఏడ్చేదానిలా ఉన్నాను."

మెకానిక్ ముఖం కందగడ్డ చేసుకుని లేచి వెళ్లిపోయాడు. చాలా రోజులు ఆమె గడప తొక్కలేదు. ఆ తర్వాత కూర్చుని స్కేలు ఘట్టం రాశాడు. రాస్తూ తనూ ఏడ్చాడు. నవల మొత్తంలో ప్రాణం ఉన్న పేజీలు అవేనని అతనికీ తెలుసు. అక్క చదివి, "ఊఁ, ఇప్పుడు నేనే" అంది. ఇక ఈ పుస్తకం అచ్చయి ఆమె చేతిలో పడితే చాలు, జన్మకి ఇంకేం అక్కర్లేదనుకున్నాడు.

అచ్చాపీసువాళ్లు యోగ్యతాపత్రం అడిగారు. శాఖకి వెళ్లాడు. కౌంటరు వెనక కూర్చున్నావిడ అతని వంక చూడకుండానే మొదలుపెట్టింది.

"ఇంతకు ముందు విమర్శ ఏమైనా స్వీకరించారా?"

"మా అక్క చెప్పేదండీ. కోపం వచ్చింది, ఆనక ఆలోచించి మార్చుకున్నాను."

"మార్చుకున్న సంగతి తర్వాత. ఆవిడ చెప్పినప్పుడు నవ్వారా?"

"లేదండీ."

"మరి స్వీకరించినట్టు ఎలా అవుతుంది? పైగా ఇంట్లోవాళ్లు అనేది విమర్శ కాదు, సణుగుడు. విమర్శకి లైసెన్సు ఉండాలి. లైసెన్సు లేనివాళ్ల చేత విమర్శ చేయించుకుంటే పత్రం రద్దవుతుంది, మీ ఇష్టం."

ఆ సాయంత్రం మెకానిక్ అక్క దగ్గరికెళ్లి, గుమ్మంలోనే నిలబడ్డాడు.

"అక్కా, ఇక నుంచి నువ్వేం అనకూడదట."

"నేనేం అన్నానురా?"

"అదే, ఆ మాట కూడా అనకూడదట."

అక్క సూదికి దారం ఎక్కించుకుంది. "సరేలే, నీ పుస్తకం బయటికి రావడం ముఖ్యం" అని మిషను తొక్కుకోసాగింది.

పత్రం కోసం శాఖవారి శిక్షణ తరగతులు మొదలయ్యాయి. శిక్షకుడు రోజూ ఒక్కొక్కరినీ లేపి వాళ్ల చొక్కా, నడక, దస్తూరి అన్నిటినీ తూర్పారబట్టేవాడు. నిలబడ్డవాళ్లు నొసలు ముడవకుండా, పెదవి విరవకుండా మెల్లగా తలూపాలి. నోట్లోంచి 'కానీ' అన్న మాట వస్తే తప్పినట్టే. 'ఎందుకు' అని అడిగినవాళ్లని మళ్లీ మొదటి తరగతిలో కూర్చోబెడతారు. (పద్యాలు రాసే ఒక నర్సు ఇలా అడిగి అడిగి ఆ తరగతిలోనే రిటైరయ్యే వయసుకొచ్చింది. ఆవిడకి ఇప్పుడు సొంత కుర్చీ ఉంది.) మెకానిక్‌కి మాత్రం విద్య ఇట్టే పట్టుబడింది. లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ల తిట్లు ఏళ్ల తరబడి విన్న ఒళ్లది.

పరీక్ష రోజు రానే వచ్చింది. లైసెన్సు గల విమర్శాధికారి గొంతు సవరించుకుని చదివాడు. "మీ నవలలో గుర్రం అనవసరంగా చాలాకాలం బతికింది. మొదట్లోనే చచ్చిపోవాలి. నాయిక చేతిలో కొరడా వద్దు. ఆవిడ ఎవరినీ కొట్టకూడదు, పాఠకుల సానుభూతి పోతుంది."

"అయ్యా, నా నవలలో గుర్రం లేదండీ."

అధికారి కలం మూత తీశాడు. "దీన్ని ఆత్మరక్షణ అంటారు. రాసుకోమంటారా?"

మెకానిక్ నొసలు సర్దుకుంది. తల మెల్లగా ఊగింది. "గుర్రాన్ని మొదట్లోనే చంపేస్తానండీ. చాలా మంచి సలహా" అన్నాడు. ఇంత చక్కటి స్వీకారం తన సర్వీసులో చూడలేదని అధికారి పొంగిపోయి, ప్రథమ శ్రేణిలో ప్యాసు చేశాడు.

బయటికొచ్చాక కౌంటరావిడ ఫైలు తిరగేసి నాలిక్కరుచుకుంది. "అయ్యో, ఇది వేరే ఆయన నవల మీద రాసిన విమర్శండీ. ఫైళ్లు మారాయి."

"మరి సరిచేస్తారా?"

"సరిచేయాలంటే విమర్శనే విమర్శించాలి. దానికి మా దగ్గర కౌంటరు లేదు. మీరు స్వీకరించేశారు కదా, చెప్పినట్టు మార్చి తీసుకురండి. గుర్రం చచ్చిందో లేదో చూసి ముద్ర వేస్తాం."

లేని గుర్రాన్ని చంపాలంటే ముందు దాన్ని పుట్టించాలి. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని పెద్దలు ఊరికే అడిగారు గానీ, ముద్ర పడాలంటే రెండూ చేయాలి. మెకానిక్ మొదటి ప్రకరణంలో గుర్రాన్ని దించాడు. నవలలో అక్కాతమ్ముళ్లుండే మూడో అంతస్తు ఇంట్లోకి అది ఎలా వచ్చిందంటారా, లిఫ్టులో. (బరువు పరిమితి విషయంలో అతని వృత్తిజ్ఞానం అక్కరకొచ్చింది.) వచ్చిన గుర్రం కుట్టుమిషను పక్కనే ప్రాణాలు వదిలింది. ఇక మిగిలింది స్కేలు ఘట్టం. ఆ పేజీల మీద చెయ్యి పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. నవలకి ప్రాణం ఇవేనని ఎవరితోనైనా చెబుదామనుకున్నాడు గానీ, అది 'కానీ'తో మొదలయ్యే మాట. ఆ ఘట్టం తీసేశాడు. బడి ఎగ్గొట్టిన తమ్ముడి తల నిమిరి అక్క చిరునవ్వు నవ్వింది. శాఖ ముద్ర వేసింది.

పుస్తకం అచ్చయి వచ్చింది. తొలి ప్రతి అక్క చేతిలో పెట్టి, ఎదురుగా ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. ఆమె మిషను ఆపి చదవడం మొదలుపెట్టింది. గుర్రం దగ్గర ఒకసారి కళ్లజోడు తీసి తుడుచుకుంది. స్కేలు ఉండాల్సిన చోట ముందుకి రెండు పేజీలు, వెనక్కి రెండు పేజీలు తిప్పి చూసింది. మెకానిక్ పీట ముందుకి జరుపుకున్నాడు. తిడుతుంది, ఇప్పుడు తిడుతుంది అనుకున్నాడు. తిట్టమని బతిమాలుకున్నాడు లోలోపల. తిడితే ఈ పుస్తకాన్ని చించి పారేసి మళ్లీ రాయడానికి సిద్ధంగా ఉన్నాడు.

అక్క చివరి పేజీ దాకా చదివి, పుస్తకం మూసి, అట్ట మీద దుమ్ము లేకపోయినా చేత్తో తుడిచింది.

"చెప్పక్కా" అన్నాడు. "ఏదో ఒకటి అనక్కా."

అక్క అట్ట మీది శాఖ ముద్రని వేలితో తడిమింది. తమ్ముడికి ముద్ర ఎంత కష్టపడితే పడిందో ఆమెకి తెలుసు.

"బాగుంది నాయనా" అంది.

'బాగుంది' అనడానికి శాఖ లైసెన్సు అడగదు.