ఇద్దరూ మగపెళ్లివారే

లోకం అంతమైపోయినా సరే, జగ్గయ్యపేటలో కేబుల్ ప్రసారాలకు అంతరాయం కలగరాదు. ఇది కేబుల్ ప్రొప్రైటరు భవానీప్రసాద్ గారి మూల సిద్ధాంతం. (కరెంటు పోతే కలుగుతుంది. అది సిద్ధాంతం పరిధిలోకి రాదు.)

ఆయన రెండో సిద్ధాంతం ముద్దు సీన్ల గురించి. తెర మీద ఇద్దరు మనుషులు జానెడు దూరంలోకి వస్తే చాలు, కంట్రోల్ రూములో కూర్చున్న ఆపరేటరు ఎర్ర మీట నొక్కాలి. ఆ వెంటనే తెర నిండా పట్టుచీరల షాపు ప్రకటన పడాలి. ఈ పద్ధతి పుణ్యమా అని పేటలో ఒక తరం పిల్లలు ప్రేమ ముదిరితే పట్టుచీర అవుతుందని నమ్ముతూ పెరిగారు.

ఆ మీట ముందు కూర్చునే ఉద్యోగం ఉషశ్రీది. ఆమె చెయ్యి దాటి ఒక్క ముద్దు కూడా ఇంతవరకు ఊళ్లోకి రాలేదు. ‘శేషభూమి’లో వచ్చింది.

‘శేషభూమి’ డబ్బింగ్ సీరియల్. అందులో యుద్ధాలు జరిగి లోకం బుగ్గిపాలవుతుంది. మిగిలినవి ఒక్క బావి, రెండు దండులు. బావి ఉన్న దండుకు నాయకురాలు రుధిర, లేని దండుకు అగ్నిజ. పేట జనమంతా రుధిర పక్షం, నందిగామ జనమంతా అగ్నిజ పక్షం. (పేట అవునన్నదాన్ని నందిగామ కాదనడానికి కారణం అక్కర్లేదు.) ఏళ్ల తరబడి ఒకరినొకరు చంపుకోవాలని చూసిన ఆ ఇద్దరాడవాళ్లూ ఒక సాయంత్రం బావి గట్టు మీద ఎదురుపడ్డారు. కత్తులు కింద పడేశారు. ముద్దు పెట్టుకున్నారు. ఉషశ్రీ వేలు మీట మీదే ఉంది గానీ నొక్కలేదు.

ఎందుకు నొక్కలేదో మెమోలో రాయదగ్గ విషయం కాదు. నందిగామ మందుల షాపులో పనిచేసే నీరజా, ఉషశ్రీ పేటలో ఆండాళమ్మ గారి మేడ మీది పోర్షనులో చాలాకాలంగా కలిసి ఉంటున్నారు. ఊరి దృష్టిలో వాళ్లు స్నేహితురాళ్లు. తలుపు వేసుకున్నాక ఒకరికొకరు సర్వస్వం. తన బతుకును మొట్టమొదటిసారి తెర మీద చూసుకున్న మనిషికి దాని మీద పట్టుచీర కప్పబుద్ధి కాలేదు.

మర్నాడే మెమో వచ్చింది. ‘మీట నొక్కకపోవుట’ అనే నేరంపై వీక్షకుల మనోభావాల పరిరక్షణ సంఘం విచారణ జరుపుతుందట. నేరం రుజువైతే ఉద్యోగం పోతుంది. ఉద్యోగం పోతే మైలవరం నుంచి నాన్న వీరరాఘవయ్య గారు కారేసుకుని వచ్చి కూతుర్ని తీసుకుపోతారు. పెళ్లికొడుకుల ఫొటోలు కారులోనే ఉంటాయి, ఎప్పుడు అవసరం పడుతుందోనని.

ఫిర్యాదులు కుప్పలుగా వచ్చిపడ్డాయి. ఉషశ్రీ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఒక్కొక్కటీ చదివింది. ఇద్దరూ ఆడవాళ్లేమిటన్న ఊసు ఎందులోనూ లేదు. జనాన్ని నిద్రపోనివ్వకుండా చేస్తున్న సమస్య వేరు. ఈ సంబంధంలో మగపెళ్లివారు ఎవరు?

విచారణ తటస్థ ప్రదేశమైన చిల్లకల్లులో, ఒక కల్యాణమండపంలో పెట్టారు. (చిల్లకల్లు పేటకు దగ్గర గనుక తటస్థం కాదని నందిగామ వారు అభ్యంతరం చెప్పారు. టిఫిన్లు పెట్టాక వెనక్కి తీసుకున్నారు.) భవానీప్రసాద్ గారు అధ్యక్ష స్థానంలో కూర్చున్నారు. నందిగామ తరఫున దశరథరామయ్య గారు లేచారు.

“మా అగ్నిజ దండునంతా వెంటేసుకుని ఎడారి దాటొచ్చిందండీ. తరలొచ్చేవాళ్లు మగపెళ్లివారు కాకపోతే మరెవరండీ?”

“వస్తే వచ్చింది లెండి,” అంది పేట తరఫున ఆండాళమ్మ. “మా రుధిరకి సొంత బావుంది. ఆస్తిపరురాలు. కాళ్లు కడిగించుకోవాల్సింది మేమే.”

“నీళ్లు మీ దగ్గరే ఉన్నాయి కాబట్టి కడగాల్సిందీ మీరేనండీ.”

దీనికి జవాబుగా ఆండాళమ్మ గొంతు పెంచింది. విడిది ఎవరివ్వాలి, అలకపాన్పు మీద ఎవరు కూర్చోవాలి అన్న రెండు అంశాలను ఉపసంఘానికి పంపారు. ఉపసంఘం భోజనాలకు వెళ్లి, బాగా ఆలస్యంగా, ఏకగ్రీవంగా తిరిగి వచ్చింది.

ఇద్దరూ మగపెళ్లివారే. ఈ పెళ్లిలో ఆడపెళ్లివారు లేరు. మర్యాదలు అందుకోవడానికి రెండు ఊళ్లూ సిద్ధంగా ఉండి, చేయడానికి ఎవరూ లేనందున ఆ భాగాన్ని కేటరింగ్ వారికి అప్పగించడమైనది. ఇంత మంచి సంబంధాన్ని జనానికి కళ్లారా చూపించింది గనుక ఉషశ్రీ మీద మెమో రద్దు.

చప్పట్లు మోగాయి. ఆండాళమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. “ఎన్ని కష్టాలు పడ్డారమ్మా పిల్లలు! ఒకళ్లంటే ఒకళ్లకి ప్రాణం. ఆడైతే ఏంటి, మగైతే ఏంటి?” అని, పక్కనే ఉన్న ఉషశ్రీ వైపు తిరిగింది. “వాళ్లని చూసైనా బుద్ధి తెచ్చుకో అమ్మాయ్. ఎవడో ఒకణ్ణి చేసుకో.”

ఆ మాటలో మొదటి సగం వినేసరికి ఉషశ్రీకి కొండంత ధైర్యం వచ్చింది. రెండో సగం చెవికెక్కేలోపే లేచి నిలబడింది.

“ఒక్క డౌటండీ. అలాంటి ఇద్దరు మన పేటలోనే ఉంటేనండీ?”

భవానీప్రసాద్ గారు కళ్లజోడు సర్దుకుని నిబంధనల పుస్తకం తిరగేశారు. (పుస్తకం ఖాళీది. ఆయన అవసరాన్ని బట్టి చదువుతారు.)

“సంఘం ఆమోదం ప్రళయం వచ్చిన ప్రాంతాలకే వర్తిస్తుందమ్మా. మన దగ్గరంటే, ప్రళయం వచ్చినట్టు గెజిటెడ్ అధికారి సంతకంతో ధ్రువపత్రం జతపరచాలి.”

“నందిగామ కూడా ఏకీభవిస్తోందండీ,” అన్నారు దశరథరామయ్య గారు. టిఫినూ భోజనమూ లేకుండా రెండు ఊళ్లూ ఒక్క మాట మీదికి రావడం అదే మొదలు.

“ఎవరమ్మా ఆ ఇద్దరూ?” అంది ఆండాళమ్మ. ఆవిడ కళ్లలో తడి ఇంకా ఆరలేదు.

ఉషశ్రీ ఆ తడి వంకే చూసింది. చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. మేడ మీది పోర్షను, కిటికీలో ఆరేసిన రెండు నైటీలు, కారులోని ఫొటోలు గుర్తొచ్చాయి.

“ఊరికే అడిగానండీ.”

బయట హైవే పక్కన నందిగామ బస్సు ఆగింది. నీరజ దిగి, బస్సు కదలకముందే పరుగున వచ్చింది.

“ఏమన్నారే?”

“ఉద్యోగం ఉందే.”

“మరి మన సంగతి?”

“అదీ మంజూరైంది,” అంది ఉషశ్రీ. “ప్రళయం ఒక్కటే పెండింగ్.”